సముద్రం ఆవలి బడికి

హైదరాబాదు నుండి బెంగళూరుకు సాగే 44వ నంబరు జాతీయ రహదారిపై జడ్చర్ల దాటి దక్షిణంగా ప్రయాణించేవారికి కొత్తకోట ఎదురవుతుంది. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగంగా ఉండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరిన ఈ ఊరు చేనేత చీరలకు పేరు పొందింది. చుట్టూ మెట్టభూములు, నడుమ నడుమ చెరువులు, వాటిని నమ్ముకొన్న పల్లెలు. వాన కురిస్తే పంట; కురవకపోతే ప్రయాణం. ఇది తరతరాలుగా పాలమూరు సీమ జీవితం.

ఈ నేలను విడిచి దూరదేశాలకు వెళ్లడం ఇక్కడివారికి కొత్త విషయం కాదు. పాలమూరు కూలీలు గుంపు మేస్త్రీల వెంట వెళ్లి దేశం నలుమూలలా కాలువలు తవ్వారు, ఆనకట్టలు కట్టారు, రహదారులు వేశారు. వారితో పాటు వెళ్లిన పిల్లలు బడికి దూరమయ్యారు. అంతకు ఎంతో ముందు, 1834 తరువాతి దశాబ్దాలలో, తీరాంధ్రకు చెందిన శ్రామికులు ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కి మారిషస్ ద్వీపానికి చేరుకొన్నారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడివారు తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. ఈ ప్రయాణాలన్నిటికీ మూలం అవసరం. కడుపు నింపుకొనడానికి చేసిన ప్రయాణాలవి.

నేడు అదే సీమకు చెందిన యువతరం మరొక విధమైన ప్రయాణం గురించి ఆలోచిస్తున్నది. విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న ఒక విద్యార్థినిని ఊహించుకొందాం. ఆమె కొత్తకోటలోని ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్మీడియట్‌లో ఆంగ్ల మాధ్యమానికి మారి, ఇప్పుడు హైదరాబాదులో డిగ్రీ పూర్తి చేస్తున్నది. రాబోయే సెలవులలో ఆఫ్రికా ఖండంలోని టాంజానియా దేశానికి వెళ్లి, ఒక పల్లెబడిలో కొన్ని నెలలు స్వచ్ఛందంగా బోధించాలని ఆమె సంకల్పం. ఇది ఉదాత్తమైన సంకల్పమే. అయితే సంకల్పం ఎంత మంచిదైనా సన్నాహం లేనిదే సత్ఫలితం ఇవ్వదు. పరదేశపు పాఠశాలలో సేవ చేయదలచిన విద్యార్థి ఏ విధంగా సిద్ధం కావాలో, ఆ సిద్ధపాటు ఎందుకు అవసరమో ఈ పాఠంలో తెలుసుకొందాం.

స్వచ్ఛంద సేవ: పూర్వరంగం

దేశాల ఎల్లలు దాటి సేవ చేయాలనే ఆలోచన యుద్ధం మిగిల్చిన శిథిలాల నడుమ రూపు దిద్దుకొన్నది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, 1920లో, స్విట్జర్లాండుకు చెందిన పియెర్ సెరెసోల్ అనే శాంతికాముకుడు ఫ్రాన్సులోని వెర్డన్ సమీపాన ధ్వంసమైన ఎన్ అనే గ్రామాన్ని పునర్నిర్మించడానికి కొందరు స్వచ్ఛంద సేవకులను కూడగట్టాడు. నిన్నటి వరకు శత్రువులుగా ఉన్న దేశాలవారు అక్కడ పక్కపక్కన నిలిచి పనిచేశారు. 1934లో బీహారులో ఘోరమైన భూకంపం సంభవించినప్పుడు సెరెసోల్ భారతదేశానికి కూడా వచ్చి సహాయ కార్యక్రమాలలో పాల్గొన్నాడు.

1961లో అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ పీస్ కోర్ అనే సంస్థను నెలకొల్పాడు. దాని సేవకులు 1976 వరకు మన దేశంలోనూ పనిచేశారు. ఐక్యరాజ్యసమితి 1970లో స్వచ్ఛంద సేవకుల విభాగాన్ని ఏర్పాటు చేసింది. మన దేశంలో గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. మీ కళాశాలలో ఎన్.ఎస్.ఎస్. అని పిలిచేది దానినే. ఐక్యరాజ్యసమితి 2001వ సంవత్సరాన్ని అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల సంవత్సరంగా పాటించింది. 2026వ సంవత్సరాన్ని కూడా సుస్థిరాభివృద్ధికై స్వచ్ఛంద సేవకు అంకితమైన సంవత్సరంగా ప్రకటించింది.

మంచితనం ఒక్కటే చాలునా?

ఈ ఉద్యమాలను లోకం ప్రశంసించిన కాలంలోనే ఒక పరుషమైన ప్రశ్న కూడా తలెత్తింది. ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు మెక్సికోలో నివసించేవాడు. ప్రతి వేసవిలోనూ అమెరికా విద్యార్థులు మెక్సికో పల్లెలకు సేవ చేయడానికి వచ్చేవారు. 1968లో ఆ విద్యార్థుల సమావేశంలో ప్రసంగిస్తూ, వారి మంచి ఉద్దేశాల వలన పల్లెవాసులకు మేలు కన్న కీడే ఎక్కువగా జరుగుతున్నదని ఆయన ముఖం మీదనే చెప్పాడు. పల్లెవారి భాష రానివారికి, వారు తమను గురించి ఏమనుకొంటున్నారో కూడా తెలియదని ఆయన వాదం. చూడడానికి రండి, నేర్చుకొనడానికి రండి, ఉద్ధరించడానికి మాత్రం రావద్దని ఆయన కోరాడు.

ఈ మాటలు కటువుగా తోచవచ్చు. కాని బడిని కళ్లముందు ఉంచుకొని ఆలోచిస్తే వాటిలోని సత్యం బోధపడుతుంది. మన ఊరి బడికే ఎవరో ఒక విదేశీయుడు వచ్చాడనుకొందాం. అతనికి తెలుగు రాదు. మన పాఠ్యప్రణాళిక తెలియదు. మూడు వారాలు పిల్లలతో ఆడి, పాడి, ఛాయాచిత్రాలు తీసుకొని, కన్నీటి వీడ్కోలు పుచ్చుకొని వెళ్లిపోయాడు. ఆ మూడు వారాలలో ఉపాధ్యాయుడు చెప్పవలసిన పాఠాలు ఆగిపోయాయి. అతనికి చేరువైన పిల్లలు మరునాడు బడి గేటు వంక చూస్తూ కూర్చున్నారు. అతనికి అది మరపురాని అనుభవం. మరి పిల్లలకు దక్కినది ఏమిటి?

ఇంతకన్న తీవ్రమైన కీడు కూడా కొన్నిచోట్ల జరిగింది. నేపాల్, కంబోడియా వంటి దేశాలలో విదేశీ సందర్శకుల విరాళాలకు ఆశపడి, తల్లిదండ్రులున్న పిల్లలను సైతం అనాథలుగా చూపి ఆశ్రమాలలో ఉంచిన ఉదంతాలు వెలుగులోకి వచ్చాయి. అందువలననే 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ బాలల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమాలలో జరిగే ఇటువంటి స్వచ్ఛంద సేవా యాత్రల వలన కలిగే హానిని ప్రస్తావించింది. కాబట్టి సేవకు వెళ్లదలచిన విద్యార్థి వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘నేను ఏమి ఇవ్వగలను?’ అనేది కాదు. ‘ఆ బడి నన్ను ఎందుకు పిలుస్తున్నది?’ అనేది మొదటి ప్రశ్న.

కొత్తకోట బాలిక వద్ద ఉన్నది ఏమిటి?

ఈ ప్రశ్నకు మన విద్యార్థిని వద్ద ఒక మంచి సమాధానం ఉన్నది. దానిని గ్రహించాలంటే టాంజానియా బడుల స్థితి కొంత తెలియాలి.

టాంగన్యీకా 1961 డిసెంబరు 9న స్వాతంత్ర్యం పొందింది. 1964లో జాంజిబార్ ద్వీపాలతో కలిసి అది టాంజానియా అయింది. ఆ దేశపు తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరెరె రాజకీయాలలోకి రాకపూర్వం బడిపంతులు. అధ్యక్షుడైన తరువాత కూడా ప్రజలు ఆయనను ‘మ్వాలిము’ అని పిలిచారు. స్వాహిలీ భాషలో ఆ మాటకు గురువు అని అర్థం. విద్య పల్లెజీవితం నుండి పిల్లలను వేరుచేయరాదని, వారిని స్వావలంబనకు సిద్ధం చేయాలని ఆయన 1967లో ఒక విధాన పత్రంలో ప్రతిపాదించాడు.

అక్కడి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో స్వాహిలీ బోధనాభాష. మాధ్యమిక స్థాయికి చేరగానే ఆంగ్లం బోధనాభాష అవుతుంది. ఇంతవరకు తన భాషలో చురుకుగా సమాధానం చెప్పిన బాలుడు ఒక్కసారిగా మౌనం వహిస్తాడు. తెలిసిన విషయమే తెలియని భాషలో ఎదురయ్యేసరికి తడబడతాడు. ఆ తడబాటును తెలివితక్కువతనంగా భావించి తనలో తాను కుంగిపోతాడు.

ఈ మౌనం కొత్తకోట విద్యార్థినికి పరిచయమైనదే. పదవ తరగతి వరకు తెలుగులో చదివి, ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఆంగ్ల మాధ్యమంలో భౌతికశాస్త్రం వింటూ, అర్థం కాకపోయినా అడగడానికి నోరు రాక కూర్చున్న రోజులు ఆమెకు జ్ఞాపకం ఉన్నాయి. ఆమె తాత తరం వారికి ఇదే కష్టం మరొక రూపంలో ఎదురైంది. నిజాం పాలనలో హైదరాబాదు రాజ్యపు విద్య ప్రధానంగా ఉర్దూలో సాగింది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక భారతీయ భాషలో ఉన్నత విద్యను బోధించి దేశానికే మార్గం చూపింది. అయినా ఆ భాష తెలుగు పల్లె పిల్లలకు ఇంటి భాష కాదు. 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డి ఈ పాలమూరు సీమకు చెందినవాడే. మాతృభాషలో చదువు కావాలన్న కోరిక ఆనాటి తెలంగాణ ఉద్యమాలలో ప్రముఖంగా వినిపించింది.

ఈ విధంగా చూచినప్పుడు మన విద్యార్థిని టాంజానియా పిల్లలకు తీసుకొనిపోగల గొప్ప వస్తువు ఆంగ్లభాషా పాండిత్యం కాదు. ఆ పాండిత్యం కలవారు అక్కడా ఉన్నారు. అర్థం కాని భాషలో పాఠం వినే పిల్లవాని మనస్సు ఎట్లా ఉంటుందో ఆమెకు స్వానుభవంతో తెలుసు. ఆ కష్టం నుండి తాను ఏ ఉపాయాలతో బయటపడినదో కూడా తెలుసు. మొదట విషయాన్ని తన భాషలో అర్థం చేసుకొనడం, పిదప ఆంగ్ల పదాన్ని దానికి జోడించడం, స్నేహితురాలికి వివరించి చెప్పి తన అవగాహనను సరిచూసుకొనడం వంటివి ఆ ఉపాయాలు. దాటిన కష్టం తోటివారికి దారి చూపుతుంది. పేదసీమ నుండి వెళ్లే విద్యార్థికి ఇది లోటు కాదు, పెట్టుబడి.

ఇంట గెలిచి రచ్చ గెలవాలి

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అని మన పెద్దల మాట. స్వచ్ఛంద సేవకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. విదేశానికి వెళ్లడానికి కనీసం ఆరు నెలల ముందే ఆమె తన ఊరి బడికి వెళ్లాలి. ప్రధానోపాధ్యాయుని అనుమతి తీసుకొని, సెలవు దినాలలోను సాయంకాలాలలోను పిల్లలకు పాఠం చెప్పాలి. తనకు తెలిసిన విషయం పదేళ్ల పిల్లవానికి తెలియజెప్పడం ఎంత కష్టమో అక్కడే తెలుస్తుంది.

ఆ ప్రధానోపాధ్యాయుడు ఆమె ఉద్దేశం విని ఇట్లా అడగవచ్చు: “నీవు అక్కడ ఎన్నాళ్లుంటావమ్మా?”

“మూడు నెలలు ఉంటాను సార్.”

“నాలుగవ నెలలో ఆ పిల్లలకు ఎవరు చెబుతారు?”

ఈ ప్రశ్నకు సమాధానం దొరికిననాడు ఆమె సన్నాహం సగం పూర్తయినట్లే. నాలుగవ నెలలో చెప్పేవాడు అక్కడి ఉపాధ్యాయుడే. కనుక ఆమె అతని స్థానాన్ని ఆక్రమించరాదు. అతనికి తోడుగా నిలవాలి. వెనుకబడిన పిల్లలతో విడిగా కూర్చొనడం, బోధనోపకరణాలు తయారుచేయడం, అతడు కోరిన తరగతిలో అతని సమక్షంలోనే చెప్పడం ఆమె పని. ఆమె వెళ్లిన తరువాత కూడా ఆ బడిలో నిలిచే పని చేయాలి.

స్థానిక సేవకుల బలం ఎటువంటిదో మన రాష్ట్రంలోనే చూడవచ్చు. 1990ల ప్రారంభం నుండి రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ అనే సంస్థ, శాంతాసిన్హా నాయకత్వంలో, కూలిపనులలో ఉన్న పిల్లలను సంధి శిబిరాలలో చేర్చి, చదువు నేర్పి, వారి వయసుకు తగిన తరగతులలో చేర్పించింది. ఈ కృషికి శాంతాసిన్హా 2003లో రామన్ మెగసెసే పురస్కారం పొందారు. ఆ పనిలో ముందు నిలిచినవారు ఆయా గ్రామాలకు చెందిన, చదువుకొన్న యువతీయువకులు. పిల్లవాని తల్లిదండ్రులతో మాట్లాడడానికి వారికి దుబాసీ అవసరం లేదు. ఏ ఇంటిలో ఏ కారణం చేత పిల్లవాడు బడి మానినాడో వారికి తెలుసు. దూరం నుండి వెళ్లేవారికి ఈ అనుకూలత లేదు. దానిని శ్రమించి సంపాదించుకోవాలి.

భాష, మర్యాద

ఆ సంపాదనకు మొదటి మెట్టు భాష. వెళ్లే దేశపు భాషను పూర్తిగా నేర్చుకోలేకపోయినా, పలుకరించడం, అడగడం, క్షమాపణ కోరడం, అంకెలు చెప్పడం తప్పక నేర్చుకోవాలి. తెలంగాణ విద్యార్థికి స్వాహిలీ మరీ పరాయి భాషగా తోచదు. ఆ భాషలో పుస్తకాన్ని ‘కితాబు’ అంటారు. కలాన్ని ‘కలాము’ అంటారు. లోకం ‘దునియా’; ప్రయాణం ‘సఫారి’; సమాచారం ‘హబారి’. హిందూమహాసముద్రపు వర్తకంతో అరబీ మాటలు ఆఫ్రికా తూర్పు తీరానికి చేరాయి. పారశీకం, ఉర్దూల ద్వారా అవే మాటలు మన పల్లెలకూ వచ్చాయి. కితాబు, కలం, దునియా, సఫరు, ఖబరు అనే మాటలు వినని పాలమూరు ముసలివారు అరుదు.

మాటతో పాటు మర్యాద తెలియాలి. టాంజానియాలో పిన్నలు పెద్దలను ‘షికమో’ అని పలుకరిస్తారు. పెద్దలు ‘మరహబ’ అని బదులిస్తారు. బడిలో పిల్లలు గురువుకు ఇదే విధంగా వందనం చేస్తారు. పెద్దవారు ఎదురైనప్పుడు ఆ మాట పలుకకుండా పోయేవారిని అక్కడి పల్లెలు మర్యాద తెలియనివారిగా తలుస్తాయి. నమస్కారం చేయకుండా పోయే పిల్లవానిని మన పల్లెలు మెచ్చుకొంటాయా?

కాలాన్ని లెక్కించే తీరు కూడా వేరు. స్వాహిలీ భాషలో గంటలను సూర్యోదయం నుండి లెక్కిస్తారు. మనం ఉదయం ఏడు గంటలు అనే సమయం వారికి మొదటి గంట. ఎనిమిది గంటలు రెండవ గంట. ‘రెండు గంటలకు రండి’ అని స్వాహిలీలో పిలిస్తే మధ్యాహ్నం రెండింటికి తీరికగా వెళ్లిన విద్యార్థిని అప్పటికే బడి సగం గడిచిపోయిందని తెలుసుకొంటుంది. మన పూర్వులు పగటిని జాములుగా పంచుకొన్నది కూడా సూర్యోదయం నుండే కదా! తనకు అలవాటైనదే లోకమంతటా ఉన్నదని భావించేవారికి ఇటువంటి చిన్న విషయాలే పెద్ద అడ్డంకులు అవుతాయి.

విద్యాసంవత్సరం సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. మన బడులు జూన్ నెలలో తెరుచుకొంటాయి. టాంజానియాలో విద్యాసంవత్సరం జనవరిలో ఆరంభమవుతుంది. తన సెలవులను చూచుకొని బయలుదేరితే అక్కడ పరీక్షలో, సెలవులో నడుస్తూ ఉండవచ్చు. ప్రయాణపు తేదీలను ఆ బడి నిర్ణయించాలి.

పత్రాలు, ఆరోగ్యం, భద్రత

విదేశ ప్రయాణానికి పాస్‌పోర్టు మొదటి అవసరం. పాలమూరు ప్రాంతపు విద్యార్థులు ఇందుకై హైదరాబాదు వరకు వెళ్లనవసరం లేదు. మహబూబ్‌నగర్ తపాలా కార్యాలయంలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఏర్పడింది. వయోజనులకు ఇచ్చే పాస్‌పోర్టు పది సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత వీసా. పర్యాటక వీసాపై వెళ్లి బడిలో పనిచేయడం, అది వేతనం లేని పని అయినా, అనేక దేశాలలో చట్టవిరుద్ధం. సేవకు తగిన అనుమతిని ముందుగానే పొందాలి. బడి గాని, పంపే సంస్థ గాని ఈ విషయంలో ‘ఏమీ కాదు, రండి’ అని తేలికగా మాట్లాడితే అక్కడనే అనుమానించాలి. పంపే సంస్థ రుసుము కోరితే, అందులో ఎంత ఆ బడికి చేరుతుందో అడగడం విద్యార్థి హక్కు.

ఆఫ్రికాలోని పలు దేశాలకు వెళ్లివచ్చేవారికి ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం అవసరం కావచ్చు. ఆ టీకాను ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో దానిని వేస్తారు. మలేరియా ఉన్న ప్రాంతమైతే వైద్యుని సలహాతో మందులు, దోమతెర వెంట తీసుకొనిపోవాలి. ఆరోగ్య బీమా తప్పనిసరి. అక్కడి భారత రాయబార కార్యాలయపు చిరునామాను, ఫోను నంబరును ఒక ప్రతి తన వద్ద, మరొక ప్రతి ఇంటి వద్ద ఉంచాలి.

తన భద్రతతో సమానంగా పిల్లల భద్రతను చూడాలి. ఐక్యరాజ్యసమితి 1989లో బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది; మన దేశం 1992లో దానిలో చేరింది. అపరిచితుడెవరైనా పిల్లల దగ్గరికి రావడానికి ముందు అతని పూర్వచరిత్రను విచారించడం బడి ధర్మం. కాబట్టి పోలీసు ధ్రువపత్రం అడిగితే అవమానంగా భావించరాదు. అడగని బడి విషయంలోనే జాగ్రత్త వహించాలి. పిల్లల ఛాయాచిత్రాలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా తీయరాదు, పంచుకోరాదు. చిరిగిన బట్టలలో ఉన్న తన తమ్ముని ఫొటో ఎవరో దూరదేశంలో జాలిగా చూడడం ఏ అక్కకు ఇష్టమవుతుంది?

పెట్టెలో ఏమి పెట్టుకోవాలన్నది ఇక మిగిలిన ప్రశ్న. రంగురంగుల బొమ్మలు, ఖరీదైన బహుమతులు మోసుకొనిపోనవసరం లేదు. లెక్కలు నేర్పడానికి మన బడులలో చింతగింజలు వాడతాం. చింతచెట్టు పుట్టినిల్లు ఆఫ్రికానే. అక్కడి పల్లెలలో చింతగింజలు దొరుకుతాయి. అక్కడ దొరికే వస్తువులతో చెప్పిన పాఠాన్ని ఆమె వెళ్లిన తరువాత కూడా అక్కడి ఉపాధ్యాయుడు చెప్పగలడు.

తెలియదని చెప్పగల ధైర్యం

పరదేశంలో పిల్లలకు చదువు చెప్పిన భారతీయులలో గాంధీజీ ఒకరు. 1910లో దక్షిణాఫ్రికాలో జొహానెస్‌బర్గ్ సమీపాన ఆయన, మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్ అండతో, టాల్‌స్టాయ్ క్షేత్రాన్ని నెలకొల్పారు. సత్యాగ్రహుల కుటుంబాలు అక్కడ నివసించాయి. వారిలో గుజరాతీలు, తమిళులు, ఆంధ్రులు, ఉత్తర భారతీయులు ఉన్నారు. జీతమిచ్చి ఉపాధ్యాయులను పిలిపించే స్థోమత లేక ఆయనే పిల్లలకు పాఠాలు చెప్పవలసి వచ్చింది. తమిళ పిల్లలకు తమిళం చెప్పాలి. ఆయనకు వచ్చిన తమిళం స్వల్పం. తన అజ్ఞానాన్ని విద్యార్థుల వద్ద ఎన్నడూ దాచలేదని, అందువలననే వారి ప్రేమాదరాలు తనకు దక్కాయని ఆయన తన ఆత్మకథలో రాసుకొన్నారు. గురువు తాను చేయని పనిని పిల్లల చేత చేయించరాదన్నది ఆ క్షేత్రపు నియమం.

మన భాష చరిత్రలోనూ ఒక నిదర్శనం ఉన్నది. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చాడు. ఆయన స్వచ్ఛంద సేవకుడు కాడు, పాలకవర్గానికి చెందినవాడు. అయినా ఈ దేశపు పండితుల వద్ద విద్యార్థిగా కూర్చొని తెలుగు నేర్చుకొన్నాడు. కడపలోను మచిలీపట్నంలోను ఉచిత పాఠశాలలు నడిపాడు. పిదప నిఘంటువును, వ్యాకరణాన్ని రచించాడు. తాళపత్రాలలో నశించిపోతున్న కావ్యాలను సేకరించి పరిష్కరింపజేశాడు. తెలుగువారు నేటికీ ఆయనను తలచుకొనడానికి కారణం ఆయన మొదట నేర్చుకొన్నవాడు కావడమే.

తిరిగి వచ్చిన తరువాత

సేవ తిరుగు ప్రయాణంతో ముగియదు. ఆ బడి ఉపాధ్యాయునితో ఉత్తర ప్రత్యుత్తరాలు కొనసాగించాలి. తాను ప్రారంభించిన పనిలో ఏది నిలిచినదో, ఏది నిలువలేదో నిజాయితీగా తెలుసుకోవాలి. అన్నిటికన్న ముఖ్యంగా, అక్కడ నేర్చుకొన్నది తన ఊరి బడికి తెచ్చి ఇవ్వాలి. వలసకూలీల పిల్లలు నేటికీ మన చుట్టూ ఉన్నారు. ఒడిశా నుండి ఇటుకబట్టీలకు వచ్చిన పిల్లవానికి తెలుగు బడిలో పాఠం అర్థం కాదు. టాంజానియా పిల్లవాని మౌనాన్ని గుర్తించగలిగిన ఆమె ఈ పిల్లవాని మౌనాన్నీ గుర్తించగలగాలి. గుర్తించలేకపోతే ఆమె సముద్రం దాటివచ్చినందుకు ప్రయోజనం తక్కువే.

కొత్తకోటకు సమీపంలో సరళాసాగర్ జలాశయం ఉన్నది. వనపర్తి సంస్థానపు రాణి సరళాదేవి పేరు మీద నిర్మితమై 1959లో పూర్తయిన ఆ ప్రాజెక్టుకు ఒక విశేషం ఉన్నది. నీరు నిండి నిర్ణీత మట్టానికి చేరగానే, ఎవరూ తలుపులు ఎత్తకుండానే, సైఫన్లు తమంతట తామే తెరచుకొని నీటిని దిగువకు పంపుతాయి. నిండేవరకు ఒక్క చుక్కను కూడా వదలవు. అయితే నీరు నిండితే చాలదు, కట్ట గట్టిగా ఉండాలి. 2019 డిసెంబరు 31న ఆ జలాశయపు కట్ట తెగి, నీరు వృథాగా పోయింది. తరువాత కట్టను మరల నిర్మించారు.

సేవాభావం ఆ నీటివంటిది. సన్నాహం ఆ కట్టవంటిది. ఒక దేశపు బడి తన పిల్లలను కొద్దికాలం పాటు మనకు అప్పగించడం గొప్ప విశ్వాసం. భాష నేర్చుకొని, మర్యాద తెలుసుకొని, తన ఊరి బడిలో తనను తాను పరీక్షించుకొని బయలుదేరిన విద్యార్థికే ఆ విశ్వాసాన్ని అందుకొనే అర్హత కలుగుతుంది. పాలమూరు పెద్దలు పలుగు పార పట్టుకొని దేశమంతటా వెళ్లి, తాము కట్టిన ఆనకట్టల నీటిని తాము అనుభవించకుండానే తిరిగివచ్చారు. వారి మనుమలు, మనుమరాండ్రు కితాబు, కలం చేత పట్టుకొని వెళ్లే ప్రయాణం ఇరువైపులా ఫలించాలి. అక్కడి పిల్లవాడు నోరు తెరచి ఒక ప్రశ్న అడిగిననాడు, ఇక్కడి పిల్లవాడూ అడగగలిగిననాడు, ఆ ప్రయాణం సార్థకమైనట్లు.